జూన్ ఒకటి, అక్టోబరు మూడు

1999 అక్టోబరు 6, బుధవారం సాయంత్రం. సిడ్నీ పడమటి శివారు గ్రాన్‌విల్‌లో, ఆటమైదానాన్ని ఆనుకుని ఉన్న క్లబ్బు మేడమీది గది. హాజరైనవారు: జూనియర్ నేషన్స్ కప్ అధ్యక్షురాలు రీటా బోర్గ్, కార్యదర్శి డెస్ హార్‌గ్రీవ్, పోటీలో పాల్గొంటున్న జట్ల తరఫున ఇద్దరు ప్రతినిధులు, ఇండియా జట్టు మేనేజరు భానుప్రసాద్, ఆ జట్టులో ఆడుతున్న ఇమాద్ తండ్రి రజాక్. ఇమాద్‌ను లోపలికి పిలవలేదు. వాడు కింద మైదానంలో ఒంటరిగా బంతిని ఆకాశంలోకి తన్నుతూ, నేలను తాకకముందే పరుగెత్తి తనే పట్టుకుంటూ ఉన్నాడు. తన్నిన ప్రతిసారీ ఆ చప్పుడు కిటికీలోంచి గదిలోకి వచ్చి, మాట్లాడుతున్నవాళ్ళను ఒక్క క్షణం ఆపుతూ ఉంది.

విచారించవలసిన విషయం ఒక్కటే. ఇమాద్ ఎప్పుడు పుట్టాడు?

పోటీ జరిగే సంవత్సరం జనవరి ఒకటి నాటికి పదిహేడేళ్ళు నిండినవాడు ఈ కప్పులో ఆడకూడదు. పాస్‌పోర్టు ప్రకారం ఇమాద్ పుట్టింది 1982 జూన్ ఒకటిన. అంటే నిక్షేపంగా ఆడవచ్చు. కానీ మొన్న ఆదివారం, ఇదే గదిలో ఉన్నవాళ్ళలో కనీసం ముగ్గురు చూస్తూ ఉండగా, ఇమాద్ తన ఇంటి పెరట్లో కేకు మీద పద్దెనిమిది కొవ్వొత్తులు ఊదాడు. శనివారం ఫైనల్. సెమీఫైనల్లో ఓడిన జట్టు మంగళవారం ఉదయం ఫిర్యాదు ఇచ్చింది.

జూనియర్ నేషన్స్ కప్ చరిత్ర పెద్దదేమీ కాదు. రైలుపెట్టెలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో, 1986లో, మధ్యాహ్న భోజనాల దగ్గర లెబనాన్ నుంచి వలస వచ్చినవాళ్ళకూ మాల్టా నుంచి వచ్చినవాళ్ళకూ ఎవరి పిల్లలు రగ్బీ లీగ్ బాగా ఆడతారన్న వాదం పుట్టింది. అక్కడ ఫిట్టరుగా పనిచేసే డెస్ ఆ వాదాన్ని తేల్చడానికి ఒక ఆదివారం మైదానం అడిగి తీసుకున్నాడు. వాదం తేలలేదు గానీ ఆట నిలిచింది. మరుసటి ఏడు టోంగా, గ్రీసు కుటుంబాల పిల్లలు చేరారు. తరువాత న్యూజిలాండ్ నుంచి ఒక జట్టు, పాపువా న్యూగినీ నుంచి మరొక జట్టు విమానమెక్కి వచ్చి ఆడటంతో పేరులోని ‘నేషన్స్’ అన్న మాటకు కొంత న్యాయం జరిగింది. ట్రోఫీ మాత్రం, వర్క్‌షాపులో తీసి పారేసిన ఇత్తడి వాల్వును మెరుగుపెట్టి చెక్కదిమ్మ మీద బిగించినదే చివరిదాకా.

మొదట్లో వయసును ఎవరూ అడిగేవారు కాదు. ఒక సంవత్సరం గెలిచిన జట్టు కెప్టెను ట్రోఫీ అందుకోవడానికి ఒక పసివాణ్ణి భుజాన ఎక్కించుకుని వేదిక మీదికి వచ్చాడు. “ఎవరి బాబు ఇతను?” అని మైకులో అడిగితే, “నా కొడుకే” అని మురిసిపోతూ జవాబిచ్చాడు. ఆ మరుసటి ఏడు నుంచి పాస్‌పోర్టులు చూడటం మొదలైంది. కొత్తగా వచ్చిన ప్రతి జట్టుకూ డెస్ ఈ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ పసివాడు కాస్త పెద్దవాడయ్యేవాడు.

ఇండియా జట్టును పిలవడం 1999లోనే మొదలు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదివి కుప్పకూలుతాయన్న భయంతో బ్యాంకులూ బీమా సంస్థలూ ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లనూ రప్పిస్తున్న కాలం. సిడ్నీలో మన కుటుంబాలు అంతకంతకూ పెరుగుతున్నాయి. ఆ కుటుంబాల్లో ఇక్కడే పెరిగి, క్రికెట్టుకు బదులు రగ్బీ లీగ్ పట్టుకున్న పిల్లలను భానుప్రసాద్ ఒక్కొక్కరినీ ఇళ్ళకు వెళ్ళి పోగుచేశాడు. ఫిజీ నుంచి వచ్చిన భారతీయ కుటుంబాల పిల్లలు మరికొందరు చేరారు. అందరికన్నా వెనక నిలబడి, మిగిలిన పన్నెండుమందినీ దాటుకుని వచ్చినవాణ్ణి ఒంటరిగా ఆపవలసిన స్థానంలో ఇమాద్ ఆడేవాడు. వాణ్ణి దాటి పోయినవాళ్ళు తక్కువ.

రజాక్‌ది హనుమకొండ. ఎనిమిదేళ్ళ కింద భార్య వహీదానూ కొడుకునూ వెంటబెట్టుకుని సిడ్నీ వచ్చాడు. కెల్లీవిల్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఒక పెద్ద సంస్థలో, తాను పుట్టకముందు రాసినవేమో అనిపించేంత పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను వెతికి నాలుగంకెలకు మార్చడం అతని పని. ఆ పనిలో అతనికి మంచి పేరుంది. ఒక్క తేదీ కూడా అతని చూపు తప్పించుకోదని పైవాళ్ళు అనేవారు.

కొడుకు తేదీని అతను ఎన్నడూ తప్పు అనుకోలేదు. హనుమకొండలో బడిలో వేసిన నాడు ఇమాద్‌ను వెంటబెట్టుకు వెళ్ళింది రజాక్ తండ్రి. తహసీలు కచేరీలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. హెడ్‌మాస్టరు పుట్టినతేదీ అడిగితే, “జూన్ ఒకటి ఎయ్యుండ్రి సార్, ఎనభై రెండు. రేపు సర్కారు నౌకరీకి పోతే ఎనిమిది నెలలు చేతుల ఉంటయ్” అన్నాడట. హెడ్‌మాస్టరు ఆశ్చర్యపోలేదు. ఆ తరగతిలో సగంమంది జూన్‌లోనే పుట్టారు. బడి తేదీయే తరువాత పాస్‌పోర్టులోకి వచ్చింది. ఇంట్లో దాన్ని సర్టిఫికెట్ తేదీ అనేవారు. అక్టోబరు మూడును అసలు తేదీ అనేవారు. ఒకటి నిజమూ ఒకటి అబద్ధమూ అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఒకటి ఆఫీసులకు, ఒకటి ఇంటికి. అంతే.

ఆదివారం నాడు జరిగింది కూడా ఆ అమాయకత్వంలోంచి వచ్చిందే.

శనివారం సెమీఫైనల్ గెలిచారు. మర్నాడే ఇమాద్ పుట్టినరోజు పడింది. సోమవారం సెలవు. పద్దెనిమిది నిండటం ఈ దేశంలో పెద్ద వేడుక అని రజాక్‌కు తెలుసు. జట్టు మొత్తాన్నీ, వాళ్ళ తల్లిదండ్రులనూ, కప్పు నిర్వాహకులనూ, ఓడిన జట్టులో ఇమాద్ బడి స్నేహితుల కుటుంబాలను సైతం పెరట్లో మాంసం కాల్చుకు తినే బార్బీ విందుకు పిలిచాడు. వారం ముందే ఇమాద్ తల్లితో, “అమ్మీ, ఈసారి కేక్ వద్దు, ప్లీజ్” అన్నాడు. స్నేహితుల ముందు సిగ్గుపడుతున్నాడని ఆమె ముచ్చటపడి, ఇంకాస్త పెద్ద కేకు చెప్పింది.

పెరట్లో ఒకవైపు సాసేజీలు, ఇంకొకవైపు సీకు కబాబులు కాలుతున్నాయి. కేకు మీద మట్టిరంగు చాక్లెట్టుతో బంతి బొమ్మ, దాని కింద పెద్ద అంకెల్లో పద్దెనిమిది. అందరూ పాట పాడారు. ఇమాద్ కొవ్వొత్తులను చూస్తూ కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఊదమని తల్లి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

డెస్ పళ్ళెం చేతిలో పట్టుకుని రజాక్ పక్కకు వచ్చాడు. “ఒక కొవ్వొత్తి ఎక్కువ పెట్టినట్టున్నారు, మేట్” అన్నాడు నవ్వుతూ.

“లేదు లేదు, సరిగ్గానే ఉన్నాయి” అన్నాడు రజాక్, మర్యాదగా అతని అపోహ తీర్చాలన్న ఉత్సాహంతో. “పాస్‌పోర్టులో ఉన్నది సర్టిఫికెట్ పుట్టినరోజు. ఇది అసలుది. మావాళ్ళలో చాలామందికి రెండుంటాయి. నాకూ ఉన్నాయి! నేను మార్చిలో పుట్టాను, ప్రభుత్వం లెక్కలో జులై.”

డెస్ నవ్వలేదు. పళ్ళెంలోని సాసేజీని ఒకవైపు నుంచి ఇంకొకవైపు తిప్పి పెట్టాడు. పక్కనే నిలబడి వింటున్న ఓడిన జట్టు కుర్రవాడి తండ్రి ఒకాయన భార్య వంక చూశాడు. కేకు కోస్తున్న ఇమాద్ తలెత్తి తండ్రి వంక చూసిన చూపు రజాక్‌కు ఆ క్షణంలో అర్థం కాలేదు. కేకు ముక్క మొదట ఎవరి నోట్లో పెట్టాలని అడుగుతున్నాడనుకుని, “మీ అమ్మీకి పెట్టు, బేటా” అన్నాడు.

అందుకే బుధవారం నాటి ఆ గది.

రీటా బోర్గ్ పాస్‌పోర్టు నకలును బల్ల మీద పెట్టి, ఆదివారం నాటి మాటల గురించి రజాక్‌ను అడిగింది. రజాక్ నోరు తెరిచేలోపే డెస్ అందుకున్నాడు. విందుల్లో మనుషులు ఏవో సరదా మాటలు అంటారనీ, ఒక ప్రభుత్వం ఇచ్చిన పాస్‌పోర్టును కేకు మీది కొవ్వొత్తులతో కొట్టివేయడం తనకు తెలియని న్యాయమనీ అన్నాడు. “అబ్బాయి తండ్రి, పాస్‌పోర్టులో ఉన్నదే నిజమని స్టాట్ డెక్ రాసి ఇస్తే, ఈ కమిటీ అంతకన్నా లోతుకు పోవలసిన పని లేదు” అన్నాడు. స్టాట్ డెక్ అంటే సాక్షి ఎదుట సంతకం పెట్టే ప్రమాణపత్రం. అందులో అబద్ధం రాస్తే నేరం. చెబుతున్నంతసేపూ డెస్ రజాక్ వైపు చూడలేదు. అది దయ అని రజాక్‌కు తెలిసింది. తెలిసినందువల్లనే తల ఎత్తలేకపోయాడు. శుక్రవారం రాత్రిలోగా ప్రమాణపత్రం అందాలని, అందకపోతే ఇండియా జట్టు స్థానంలో ఓడిన జట్టు ఫైనల్ ఆడుతుందని తీర్మానించారు.

మెట్లు దిగుతూ భానుప్రసాద్ గొంతు తగ్గించి అన్నాడు: “ఏంటి రజాక్ భాయ్, ఆఫీసులో రోజంతా ఊళ్ళోవాళ్ళ డేట్లన్నీ దిద్దుతారు. ఇంట్లో ఉన్న ఒక్క డేటు దగ్గర ఇలా దొరికిపోయారేంటి?” తరువాత జాలిపడి, “కాగితం నేను డ్రాఫ్ట్ చేసి ఇస్తాలెండి. మీరు సైన్ చేస్తే చాలు. పదహారు మంది పిల్లలండీ, ఏడాది నుంచీ ఇదే పని మీదున్నారు” అన్నాడు.

ఇమాద్ బంతిని ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చున్నాడు. విండ్సర్ రోడ్డు ఎక్కిన తరువాత, “సో వాట్ డిడ్ దే సే?” అన్నాడు.

రజాక్ చెప్పాడు.

“దట్స్ ఈజీ దెన్. సైన్ చెయ్, అబ్బా” అన్నాడు తండ్రితో.

“అట్లెట్ల చేస్త, బేటా? అది ప్రమాణం.”

“ఇట్స్ జస్ట్ ఎ డేట్. అండ్ యూ గైస్ మేడ్ ఇట్ అప్! నేనా చెప్పింది జూన్ అని? ఐ వాజ్ ఫైవ్!” ఇమాద్ తండ్రి వైపు తిరిగాడు. “ఎవ్రీ ఫామ్, ఎవ్రీ ఇయర్, జూన్ ఫస్ట్, జూన్ ఫస్ట్. నౌ ఒక్కసారి నాకు పనికొస్తుంటే ప్రమాణం అంటావ్.”

వాడి మాటలో తప్పు ఎక్కడుందో రజాక్ వెతికాడు. అబద్ధం మొదలుపెట్టింది పెద్దవాళ్ళు. దాని మీద నమ్మకం పెట్టుకుని ఆడింది వాడు. ఇప్పుడు నిజం చెబితే శిక్ష వాడికి. ఏ పక్క నుంచి చూసినా లెక్క అక్కడికే వచ్చి ఆగుతూ ఉంది.

ఇంట్లో వహీదా మరొక పక్క నుంచి చూసింది. మర్నాడు భానుప్రసాద్ పంపిన చిత్తుప్రతిని రజాక్ ఆమెకు తెలుగులో చదివి చెప్పాడు. మొదటి వాక్యం, నా కుమారుడు 1982 జూన్ 1న జన్మించాడు. రెండవ వాక్యం, అక్టోబరు 3 అతని పుట్టినరోజు కాదు. ఆనాటి విందు జట్టు విజయాన్ని పురస్కరించుకుని ఇచ్చినది.

“రెండోది ఎందుకు?” అన్నది వహీదా.

“కేకు సంగతి అడిగిన్రు గదా. దానికి జవాబు.”

“గది రాయకుండ్రి.”

“ఏముంది వహీదా, ఇన్నేండ్ల సంది జూన్ అనే రాస్తున్నం గదా. ఇప్పుడేమన్న కొత్తనా?”

“కొత్తనే.” ఆమె ఉల్లిగడ్డలు కోయడం ఆపింది. “గప్పుడు జూన్ అని రాసిన్రు. సరే, మామయ్య చెప్పిండు, రాసిన్రు. అక్టోబర్ మూడు అబద్ధం అని ఎన్నడన్న రాసిన్రా? వాడు పుట్టిన్నాడు దవఖాన బయట బతుకమ్మ ఆడుతున్నరు. నొప్పులు పడుకుంట పాటలు ఇన్న నేను. మా అమ్మ కిటికి మూస్తనంటె వద్దన్న. ఆ దినం లేనే లేదని మీరు సంతకం పెడ్తరు. నేనేడికి పోవాలె?”

“పిల్లగాడు ఏడుస్తుండు, వహీదా.”

“ఏడుస్తడు. పది దినాలు ఏడుస్తడు. మీరు పెట్టేది పది దినాలకు పోదు.”

రజాక్ ఆ రోజంతా తిరిగి తిరిగి ఆలోచించాడు. నిజం రాసి ఇస్తే ఇమాద్ ఒక్కడే కాదు, మిగిలిన పదిహేనుమంది పిల్లలూ పోతారు. ఆ పిల్లలకు తన ముఖం ఎట్లా చూపించాలి? పాస్‌పోర్టులో తేదీ తప్పని తన చేత్తో రాసి ఇస్తే రేపు ప్రభుత్వం ఏమంటుందో కూడా తెలియదు. అయితే శుక్రవారం సాయంత్రం చివరకు అతణ్ణి కదిలించింది ఈ లెక్కలేవీ కావు. ఇమాద్ తన గదిలో జెర్సీని ఇస్త్రీ చేసుకుంటూ కనిపించాడు. ఇంట్లో ఏనాడూ ఇస్త్రీపెట్టె ముట్టని పిల్లవాడు, నీలిరంగు చొక్కా కాలరును వేళ్ళతో సరిచేసుకుంటూ, మెల్లగా, భయంగా, కాలిపోతుందేమోనని చూసుకుంటూ ఉన్నాడు. రజాక్ కారు తాళం తీసుకున్నాడు.

శేషగిరి ఇల్లు రెండు వీధుల అవతల. తెనాలిలో చరిత్ర చెప్పిన లెక్చరరు; ఇక్కడ రజాక్ పనిచేసే చోటే, ప్రోగ్రాములు ఎట్లా వాడాలో వివరించే పుస్తకాలు రాసే పని. ఎవరి ఇంటికీ వెళ్ళడు; ఆదివారం విందుకూ రాలేదు. కానీ ప్రమాణపత్రాలకు సాక్షి సంతకం చేసే అధికారం అతనికి ఉంది. జస్టిస్ ఆఫ్ ద పీస్ అంటారు దాన్ని. అందుకని ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా అతని ఇంటి తలుపు తట్టక తప్పేది కాదు.

శేషగిరి కాగితం మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. “రూలు ప్రకారం అడగాలి, ఏమీ అనుకోకండి రజాక్ గారూ. ఇందులో రాసిందంతా నిజమని మనస్ఫూర్తిగా నమ్మి సంతకం పెడుతున్నారా?”

“పెడుతున్న” అన్నాడు రజాక్.

శేషగిరి కలం అందించాడు. ఆపైన తన సంతకం చేసి, ముద్ర వేసి, సిరా ఆరేదాకా ఊదాడు. “ఫైనలుకు శుభాకాంక్షలు చెప్పండి మీ అబ్బాయికి. చెరువుగట్టు మీద కబడ్డీ తప్ప నాకే ఆటా తెలీదనుకోండి” అన్నాడు.

ఫైనల్లో ఇండియా జట్టు చిత్తుగా ఓడింది. న్యూజిలాండ్ పిల్లలు ఒక్కొక్కరు ఇద్దరిని ఈడ్చుకుంటూ పరుగెత్తారు. కానీ రెండవ సగంలో, ఆట చేజారిన చాలాసేపటికి, ఇమాద్ తన గీత దగ్గర జారిన బంతిని అందుకుని, మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు, ఎవరి చేతికీ చిక్కకుండా పోయి అవతలి గీత మీద బంతితో సహా బోర్లా పడ్డాడు. దాన్ని ట్రై అంటారు. ఫైనల్లో ఇండియాకు దక్కింది ఆ ఒక్కటే. లేచినప్పుడు వాడి ముఖమంతా మట్టి, ఆ మట్టిలో పళ్ళు. ఓడిన మిగతా పిల్లలంతా వాడి మీద పడి గంతులు వేస్తుంటే, గెలిచింది ఎవరో తెలియనివాడు వీళ్ళే అనుకునేవాడు. రజాక్ అందరితో పాటు లేచి చప్పట్లు కొట్టాడు. ఆ కాసేపు అతనికి దేనికీ విచారం లేదు. వహీదా మైదానానికి రాలేదు.

ఆ తరువాత చాలా రోజులు ఇంట్లో దేని ప్రస్తావనా రాలేదు. రెండువేల సంవత్సరం నిశ్శబ్దంగా వచ్చింది. ఏ యంత్రమూ ఆగలేదు, ఏ బ్యాంకూ కూలలేదు. ఇన్నాళ్ళూ దిద్దిన తేదీలన్నీ ఎవరూ గమనించకుండానే సరిగ్గా పనిచేశాయి. జూన్ ఒకటిన ఇమాద్ స్నేహితులు వాడికి పద్దెనిమిది నిండిందని బయట విందు చేశారు. వాడు వెళ్ళి వచ్చాడు.

అక్టోబరు మూడు మంగళవారం పడింది. ఒలింపిక్స్ ముగిసి రెండు రోజులు. ఊరంతా పెళ్ళి మర్నాటి ఇల్లులా అలసిపోయి ఉంది. వహీదా ఏదైనా చేస్తుందేమోనని రజాక్ పొద్దున వంటింటి వైపు రెండుసార్లు చూశాడు. పప్పు, చారు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ తనే ఒక కేకు కొన్నాడు. మీద ఏ అంకే వేయించలేదు.

“ఎవరికి?” అన్నది వహీదా.

ఆ ఒక్క మాటే. ఎత్తిపొడుపు కూడా లేదు అందులో. నిజంగా తెలియనివాళ్ళు అడిగినట్టే అడిగి, కేకును ఫ్రిజ్‌లో పెట్టడానికి చోటు చేసింది.

ఇమాద్ యూనివర్సిటీ చదువుతో అలసి గదిలోంచి బయటికి వచ్చాడు. కేకును చూశాడు. ఒక్కడుగు వేసి వీధి వైపు కిటికీ తెర లాగాడు. “అబ్బా, డోంట్. ఎవరైనా చూస్తే? డెస్ వాళ్ళు ఇటే వాక్‌కి వస్తారు” అన్నాడు. తరువాత తండ్రి ముఖం చూసి ఒక ముక్క కోసుకుని, “గుడ్ కేక్” అని, నిలబడే తిన్నాడు. వాడు కోపంగా లేడు. రజాక్‌కు అది మరీ కష్టంగా తోచింది. పెద్దవాళ్ళు నేర్పినదాన్ని వాడు జాగ్రత్తగా కాపాడుతున్నాడు.

2001 మార్చిలో జూనియర్ నేషన్స్ కప్‌ను మూసివేశారు. మైదానం అద్దె పెరిగింది. విమానం ఖర్చులు పెట్టుకుని వచ్చేవాళ్ళు తగ్గారు. డెస్ మోకాళ్ళకు శస్త్రచికిత్స జరిగింది. ఇత్తడి వాల్వును చివరిసారి గెలిచినవాళ్ళే ఉంచుకున్నారు. ఇన్నేళ్ళ కప్పు గురించి ఒక చిన్న పుస్తకమైనా మిగలాలని డెస్ కోరిక. ఫొటోలు, స్కోరు కాగితాలు నిండిన పెట్టెలను శేషగిరి ఇంట్లో దించి, ఎవరో చెప్పగా విన్నాను, నీకు చరిత్ర వచ్చునట కదా అన్నాడట. ఆటలంటే ఏమీ తెలియని శేషగిరి ఆ పని మీద అందరూ ఆశ్చర్యపోయేంత శ్రద్ధ పెట్టాడు. సంవత్సరాలవారీగా జట్లు, స్కోర్లు, ఆటగాళ్ళ పేర్లు, పుట్టిన ఊళ్ళు, తేదీలు. ఒక శనివారం మధ్యాహ్నం 1999 నాటి పుటను సరిచూడమని రజాక్‌ను పిలిచాడు.

“చూడండి, మీవాడికి ఒక వాక్యం దక్కింది” అన్నాడు శేషగిరి. “ఫైనల్లో ఇండియా తరఫున ఏకైక ట్రై. నూట ఇరవై పుటల్లో ఇండియాకు మిగిలింది ఇదొక్కటే లెండి.”

పట్టికలో ఇమాద్ పేరు. పక్కన హనుమకొండ. పక్కన 1982 జూన్ 1. రజాక్ ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. తరువాత అంతా చెప్పాడు.

శేషగిరి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “మీరు నా ఎదురుగానే కదండీ...”

“అవును. మీ ఎదుట్నే.”

“నేను అడిగాను కూడా.”

“అడిగిన్రు.”

శేషగిరి ఆ గడిలోని తేదీని మళ్ళీ చదివాడు. రజాక్ అడిగాడు: “ఇప్పుడు ఆ తేదీ మార్చి, అసలుది ఎయ్యొస్తదా?”

“వెయ్యొచ్చు. అక్టోబరు మూడు, ఎనభై ఒకటి అని వేస్తే మీవాడు ఆడకూడని వాడవుతాడు. అప్పుడు ఆ ట్రై ఉండదు. ఆ ఫైనలుండదు, అంతకు ముందు గెల్చిన సెమీఫైనలుండదు. మిగతా పిల్లల పేర్లూ పోతాయి. చరిత్ర రాసేవాణ్ణి, తెలిసీ రాయకుండా ఉండటం నాకూ కష్టమే.” శేషగిరి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “అబ్బాయి ఏమంటాడు?”

“పొద్దున అడిగిన. ‘లీవ్ ఇట్, అబ్బా. ఇట్స్ మై ఓన్లీ ట్రై’ అన్నడు.”

శేషగిరి పుటను తన వైపు లాక్కుని, పట్టికలో పుట్టినతేదీల వరుస మీద పైనుంచి కిందిదాకా ఒక గీత గీశాడు. “పుస్తకం మొత్తంలో ఎవరి తేదీ కూడా వెయ్యను. తెలిసిన అబద్ధం అచ్చువెయ్యలేను. పదిహేనుమంది పిల్లల పేర్లు కొట్టెయ్యనూ లేను. నా చేతనయింది ఇంతే, రజాక్ గారూ.”

“అంటే మావోడికి ఏ తేదీ లేనట్టేనా?”

“పుస్తకంలో లేదు.”

“మరి దేంట్ల ఉన్నది?”

శేషగిరి పుటలను దొంతరగా సర్దాడు. రజాక్ లేచి వెళ్ళబోయి, గుమ్మం దగ్గర ఆగాడు. “స్టాట్ డెక్ ఖాళీ కాగితం ఒకటి ఉన్నదా మీ తాన?”

“ఎవరికివ్వడానికి?”

“ఎవరికి కాదు.”

“ఎవరికీ ఇవ్వని ప్రమాణపత్రమేవిటండీ?”

“ఇంట్ల ఒకరికి చూపియ్యాలె.”

శేషగిరి సొరుగులోంచి కాగితం తీసి ఇచ్చాడు. రజాక్ నిలబడే రాశాడు. తన కుమారుడు ఇమాద్ 1981 అక్టోబరు 3న హనుమకొండ ప్రభుత్వ ఆసుపత్రిలో వహీదాకు పుట్టాడని, ఇందుకు విరుద్ధంగా తాను గతంలో రాసి ఇచ్చినది అసత్యమని. శేషగిరి ఈసారీ నియమం ప్రకారం అడిగాడు. రజాక్ ఈసారీ అవునన్నాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

ఇంటికి వచ్చేసరికి వహీదా ఆరిన బట్టలు మడత పెడుతూ ఉంది. కాగితం చేతికిచ్చి, ఏం రాసి ఉందో చదివి చెప్పాడు. ఆమె తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగింది. చూపించాడు.

“ఇది ఏ ఆఫీసుకు?”

“ఏ ఆఫీసుకు కాదు.”

“కింద సంతకం మీదేనా?”

“నాదే.”

“గప్పుడు పెట్టింది గూడ మీదే గదా” అన్నది వహీదా.

ఆమె కాసేపు కాగితాన్ని పట్టుకుని నిలబడింది. తరువాత దాన్ని మంచం మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, సంతకాలు లోపలికి వచ్చేట్టు మధ్యకు మడిచి, మళ్ళీ ఒకసారి మడిచి, బీరువా తెరిచి, లోపలి అరలో చీరల కింద పెట్టి తాళం వేసింది.